పెద్ద చక్రాల బుల్లి కార్లు

మొన్న ఆదివారం బేస్‌మెంట్ సర్దుతుంటే మెట్ల కింద మూలన ఒక అట్టపెట్టె బయటపడింది. ఈ ఇంట్లోకి మారినప్పుడు కట్టింది, మళ్ళీ విప్పనే లేదు. టేపు ఎండిపోయి చెయ్యి వేయగానే ఊడొచ్చింది. మూత తెరవగానే గుప్పుమని వాసన. వినైల్ టైర్లు, రంగు, థిన్నరు అన్నీ కలిసిన వాసన. నేనున్నది మిషిగన్‌లో, చుట్టూ కాంక్రీటు గోడలు, పక్కన డీహ్యుమిడిఫయర్ గుయ్యిమంటోంది, అయినా ఒక్క క్షణం విజయవాడ ఆటోనగర్‌లో మా పెదనాన్న షెడ్డు ముందు నిలబడ్డట్టే అనిపించింది.

పెట్టెలో ఉన్నవి నా కార్లు. పాత అమెరికన్ మజిల్ కార్ల, అంటే పెద్ద ఇంజను పెట్టిన జోరు కార్ల, డైకాస్ట్ బొమ్మలు, లోహం కరిగించి అచ్చుపోసినవి. షోరూమ్ నుంచి అప్పుడే వచ్చినట్టు బుద్ధిగా ఉండే రకం కాదు. నేలకి వంగిపోయి, వెడల్పాటి క్రోము చక్రాలు తొడుక్కుని, బానెట్ చీల్చుకుని ఇంజను పైకి పొడుచుకొచ్చిన రకం. ఒక్కొక్కటే తీసి వాషింగ్ మెషీన్ మీద వరుసగా పెట్టాను. రంగు చెక్కుచెదరలేదు. టైర్లు మాత్రం కొన్నిటికి మెత్తబడి కింద ఉన్న ప్లాస్టిక్ స్టాండుకి అతుక్కుపోయాయి. వినైల్‌ని మెత్తగా ఉంచడానికి అందులో ఒక నూనెలాంటి పదార్థం కలుపుతారు, అది ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి ఊరి తాకిన ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. దారం పెట్టి నెమ్మదిగా కోస్తూ విడదీస్తుంటే రాత్రి ఒంటిగంట అయింది. ఒక్కో కారూ ఒక్కో మనిషిని గుర్తుచేసింది. అవన్నీ ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలనిపించింది.

*

పెదనాన్నది లారీ బాడీ షెడ్డు. ఇప్పటి పిల్లలకి తెలుసో లేదో, అప్పట్లో లారీ కంపెనీ నుంచి పూర్తిగా తయారై వచ్చేది కాదు. జంషెడ్‌పూర్ నుంచి టాటాలు, ఎన్నూరు నుంచి లేలాండ్‌లు, ఉత్త ఛాసిస్‌లే వచ్చేవి. ఇంజను, చక్రాలు, స్టీరింగు, ముందు మూతి. తలుపుల్లేవు, టాపు లేదు. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, తలకి తువ్వాలు చుట్టి, నల్లకళ్ళజోడు పెట్టుకుని అంతదూరం నుంచి ఎండకి ఎండి వానకి తడిసి తోలుకొచ్చేవాడు. షెడ్డు ముందు దిగేసరికి మొహం మీద దుమ్ము మందంగా పేరుకుని కళ్ళజోడు ఉన్నంతమేర మాత్రమే అసలు రంగు కనపడేది. మా పెద్దమ్మ ముందు మజ్జిగ ఇచ్చేది, తర్వాతే మాటలు.

ఆ తర్వాత వడ్రంగులు, వెల్డింగు వాళ్ళు, టింకరు మేస్త్రీలు. రేకు మీద సుత్తి దెబ్బలు పొద్దున మొదలైతే మధ్యాహ్నం భోజనాల దాకా ఆగేవి కావు. వీధంతా అదే మోత, ఒక షెడ్డు ఆగితే పక్క షెడ్డు. ఆ మోతలోనే మేస్త్రీలు ఒకరితో ఒకరు మామూలుగా మాట్లాడుకునేవాళ్ళు, మాకు మాత్రం ఏమీ వినపడేది కాదు. అన్నీ అయ్యాక చివరికి పెయింటరు వచ్చేవాడు. ఆయన వచ్చే రోజు నేను బడి నుంచి నేరుగా అక్కడికే.

ఆయన చెయ్యి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. సన్నటి పొడుగాటి కుంచె. డబ్బా అంచుకి రెండుసార్లు ఒరిపించి, ఊపిరి బిగబట్టి, తలుపు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క గీత. మధ్యలో ఆపడం ఉండదు. చిటికెన వేలు రేకుని ఆనించి ఉంచేవాడు, కుంచె దాని వెంబడి జారేది. గీత పూర్తయ్యాకే ఊపిరి వదిలేవాడు. తర్వాత తామరపువ్వు, ఒక్కో రేకుకి ఒకే ఒత్తు, ముందు లావుగా మొదలై చివర సన్నబడేది. లారీ ఓనరు పక్కన నిలబడి, అమ్మవారి పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి, నెమళ్ళు రెండు ఎదురెదురుగా ఉండాలి అని చెప్తూనే ఉండేవాడు. అదే కంపెనీ, అదే ఇంజను, కానీ షెడ్డు నుంచి బయటికెళ్ళిన ఏ రెండు లారీలూ ఒకేలా ఉండేవి కావు. కైకలూరు చేపల లారీ దారి దానిది, గుంటూరు మిర్చి లారీ దారి దానిది.

ఒక సంక్రాంతికి నాన్న బీసెంట్ రోడ్డులో నాకొక కారు కొన్నాడు. లియో మాటెల్ వాళ్ళ హాట్ వీల్స్. అరచేతిలో సరిపోయేది, పొడుగు బానెట్, ఏదో అమెరికా కారు, దాని పేరు పలకడం కూడా రాదు మాకు. షెడ్డుకి తీసుకెళ్ళి పెయింటరుకి చూపించాను. ఆయన చేతిలో తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా, లారీకి కలిపిన పసుపు రంగులో కుంచె కొన మాత్రం ముంచి బానెట్ మీద రెండు గీతలు లాగాడు. రెండు గీతల మధ్య ఖాళీ పై నుంచి కింద దాకా ఒకేలా ఉంది. ఆరేదాకా ముట్టుకోకు అని షెడ్డు గూట్లో పెట్టాడు. మర్నాడు బళ్ళో నా అంత గొప్పవాడు లేడు.

ఆ కారు ఏ ఇల్లు మారినప్పుడు పోయిందో తెలియదు.

*

డెట్రాయిట్ వచ్చేసరికి కార్ల రాజధానికి వచ్చాననుకున్నాను. నా పని మాత్రం తలుపు లోపలి వైపు ఉండే ప్లాస్టిక్ ముక్క. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా స్క్రీన్ మీద అదే ముక్కని తిప్పి చూడటం, అర మిల్లీమీటరు జరపడం, మళ్ళీ మీటింగు. ఏళ్ళ తరబడి పనిచేశాను గానీ కారు మొత్తంగా నా కంట పడేది పార్కింగ్ లాట్‌లోనే.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో అపార్ట్‌మెంటు, నలుగురం కుర్రాళ్ళం, అందరికీ కలిపి ఒకే పాత కారు. శనివారం ఇండియన్ స్టోరు, తర్వాత కేమార్ట్. కేమార్ట్ మిషిగన్ బిడ్డే, 1962లో గార్డెన్ సిటీలో మొదటి దుకాణం తెరిచారు, హెడ్డాఫీసు ట్రాయ్‌లో బిగ్ బీవర్ రోడ్డు మీద ఉండేది. మిగతావాళ్ళు డిటర్జెంటు, పాలు, రొట్టె చూసుకుంటుంటే నేను ఊరికే బొమ్మల వైపు వెళ్ళాను. అక్కడ చూశాను దాన్ని. 1970 షెవర్లే చెవెల్ ఎస్‌ఎస్. నలుపు మీద తెల్ల పట్టీలు. జేడా కంపెనీది, బిగ్‌టైమ్ మజిల్ సిరీస్. అసలు కారులో 24వ వంతు, అంటే దాదాపు ఎనిమిది అంగుళాలు.

బానెట్ మీద ఆ రెండు పట్టీలు చూసి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

కరీంనగర్ తమ్ముడొకడు మాతో ఉండేవాడు. బిల్లు కౌంటర్ దగ్గర ధర చూసి, "ఏందన్నా గిది, గీ పైసలతోని వారం కూరగాయలొస్తయి" అన్నాడు. అన్నాడే గానీ ఇంటికెళ్ళాక అడుగున స్క్రూలు విప్పడానికి కళ్ళజోడు స్క్రూడ్రైవర్ తెచ్చిచ్చింది వాడే. స్టాండు నుంచి విడిపించి చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ బరువు! ప్లాస్టిక్ బొమ్మకి ఆ బరువు రాదు. జింకులో దాదాపు 4 శాతం అల్యూమినియం, ఇంకా కాస్త రాగి, మెగ్నీషియం కలిపిన లోహం అది, జమాక్ అంటారు. 400 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడితే తలుపు సందు, గ్రిల్లు పళ్ళు, అన్నీ తేటగా పడతాయి. తలుపులు తెరిచాం, డిక్కీ తెరిచాం, బానెట్ ఎత్తాం. నలుగురం కార్పెట్ మీద బోర్లా పడుకుని కంటి ఎత్తులో పెట్టుకుని చూశాం. వెనక చక్రాలు ముందువాటికంటే పెద్దవి, టైరు మందం చూస్తే బెల్టు పట్టీ అంతే. అసలు చెవెల్ 14, 15 అంగుళాల చక్రాలతో వచ్చేది. ఈ బొమ్మ చక్రాన్ని అసలు కొలతకి పెంచితే 20 అంగుళాలు దాటుతుంది.

అసలు కార్లలో కూడా అప్పుడు ఇదే ఊపు. అరవైల నాటి బాడీని అలాగే ఉంచి, కింద కొత్త సస్పెన్షన్, పెద్ద డిస్క్ బ్రేకులు, ఫ్యూయల్ ఇంజెక్షన్ వేయడం. ప్రో టూరింగ్ అనేవాళ్ళు, రెస్టోమాడ్ అనేవాళ్ళు. జేడా వాళ్ళు దాన్ని ఇంకో రెండాకులు ఎక్కువే చేసి చూపించారు. ఆ అతి నాకు బాగా నచ్చింది. లారీకి అరడజను హారన్లు పెట్టించుకునే ఓనర్ల మధ్య పెరిగినవాణ్ణి మరి.

*

ఒక ఆదివారం ఊళ్ళో చిన్న హాల్లో టాయ్ షో అని తెలిసి వెళ్ళాను. మడత బల్లలు, వాటి మీద కార్లు, కాగితం కప్పుల్లో కాఫీ, నడివయసు దాటిన తెల్లవాళ్ళు, భారతీయుణ్ణి నేనొక్కణ్ణే. ఒక బల్ల దగ్గర నా చేతిలో జేడా కారు చూసి అక్కడి పెద్దమనిషి ఒకాయన మొహం చిట్లించాడు. ఇవి కార్లు కావు, కార్టూన్లు, అసలు డిజైన్‌ని పాడుచేశారు అన్నాడు. నాకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు.

పక్క బల్ల ఆయన కలగజేసుకున్నాడు. డెబ్భై దాటిన మనిషి, చేతులు పెద్దవి, గోళ్ళు పొట్టిగా కత్తిరించుకున్నాడు. తన అద్దాల పెట్టెలోంచి ఒక పాత హాట్ వీల్స్ తీసి బల్ల మీద పెట్టాడు. 1968లో మాటెల్ మొట్టమొదట తెచ్చిన 16 కార్లలో ఒకటి. దీని పేరేంటో చదువు అన్నాడు. కస్టమ్ కమారో. కస్టమ్ అంటే సొంతదారు తనకి నచ్చినట్టు మార్చుకున్నది. ఆ పదహారింటిలో పదింటి పేర్లు కస్టమ్ అనే మాటతోనే మొదలవుతాయి: కమారో, మస్టాంగ్, బారకూడా, ఫైర్‌బర్డ్, కూగర్, ఇంకా కొన్ని. వాటిలో చాలావాటిని గీసిన హ్యారీ బ్రాడ్లీ అంతకుముందు జనరల్ మోటార్స్ డిజైనరే, కాలిఫోర్నియా కుర్రాళ్ళు తమ కార్లని ఎలా మార్చుకుంటున్నారో చూసి ఆ పోకడనే బొమ్మల్లోకి తెచ్చాడు. మెరిసే చక్రాలు, టైరు మీద ఎర్ర గీత, నున్నగా మెరిపించిన లోహం మీద పారదర్శకమైన రంగు. అసలు ఈ ఆటే కస్టమ్‌తో పుట్టింది, ఇప్పుడు ఈ కుర్రాడి కారుని తప్పుపడతావేం అని ఆయన అడిగేసరికి మొదటాయన ఊరుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన నాకు పెద్దాయన. పేరుతో పిలిచేవాణ్ణి, అక్కడి పద్ధతి అంతే, కానీ ఇంట్లో మా ఆవిడతో చెప్పేటప్పుడు పెద్దాయన అనే అనేవాణ్ణి.

ఆయన ఒక కార్ల కంపెనీ స్టూడియోలో బంకమట్టి మోడళ్ళు చేసిన మనిషి. కారు పుట్టేది కాగితం మీద కాదు మట్టిలో అనేవాడు. ఆ మట్టిని ఓవెన్‌లో వేడి చేసి, మెత్తబడ్డాక చెక్క, ఫోమ్ దిమ్మ మీద పొరలుగా అరచేత్తో ఒత్తి, చల్లారాక పలకలతో గీకుతారు. అందులో గంధకం ఉండేది, రోజంతా బట్టలకి ఆ వాసన పట్టేది, ఇంట్లోకి రాగానే వాళ్ళావిడ చొక్కా విప్పించేదట. గీకడం అయ్యాక డైనాక్ అనే పల్చటి ఫిల్మ్ తడిపి మట్టి మీద పరిస్తే పెయింటు వేసినట్టే మెరుస్తుంది, అప్పుడు వెలుతురు ఎక్కడ విరిగిందో చూసి ఫిల్మ్ లేపి మళ్ళీ గీకడం.

ఒకసారి నా 1969 డాడ్జ్ ఛార్జర్ బొమ్మని తీసుకుని కళ్ళు మూసుకుని బొటనవేలుతో నిమిరాడు. ముందు ఫెండర్ (చక్రం పైన కప్పే రేకు) మీద ఎత్తు, తలుపు దగ్గర లోపలికి జారి నడుము సన్నబడటం, వెనక చక్రం మీద మళ్ళీ పొంగడం. నా వేలు పట్టుకుని అదే దారిలో నడిపించాడు. ఇక్కడ ఆగు, ఇక్కడ గీత ఊపిరి తీసుకుంటుంది అన్నాడు. ఆ ఛార్జర్ చక్రాలు ఎంత పెద్దవి చేసినా, ఎంత కిందికి దించినా ఈ నడుము గీత పోలేదు చూడు, ఇది ఉన్నంతకాలం ఇది ఛార్జరే అన్నాడు. ఏళ్ళ తరబడి తలుపు ముక్క గీసిన నాకు తలుపు కారులో ఎక్కడుంటుందో ఆ రోజు వేలితో తెలిసింది.

*

పొద్దున్నే దుకాణాలకి వెళ్ళడం గురించి చెప్పకపోతే ఇది పూర్తికాదు. చిన్న కార్లు, 64వ వంతువి, అప్పట్లో డాలరు లోపే. ఒక్కో అట్టపెట్టెలో 72 వస్తాయి. అందులో ఎప్పుడో ఒకసారి ట్రెజర్ హంట్, అంటే కంపెనీ అరుదుగా కలిపే ప్రత్యేకమైన కారు, తగులుతుంది, ఇంకా అదృష్టముంటే సూపర్ ట్రెజర్ హంట్, దానికి ప్రత్యేకమైన మెరుపు రంగు, నిజం రబ్బరు టైర్లు. రాత్రి సరుకు దించితే పొద్దున తలుపు తీసేసరికి మేం ఐదారుగురం కార్ల హీటర్లు వేసుకుని పార్కింగ్‌లో రెడీ. మొహాలు తెలుసు, చాలామంది పేర్లు తెలియవు. ఒకాయన పోస్టల్ యూనిఫాంలో వచ్చేవాడు, ఒక ఆవిడ నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చేది.

పెగ్‌లకి, అంటే అరల కొక్కేలకి, వేలాడే అట్టల్ని వేళ్ళతో ఒకదాని వెనక ఒకటి దాటిస్తుంటే వచ్చే టకటక చప్పుడు, ఎవరూ మాట్లాడరు. ఎవరికైనా మంచిది తగిలితే ఆ చప్పుడు ఒక్కసారి ఆగుతుంది, అందరం అటే చూస్తాం. నర్సమ్మకి మస్టాంగ్‌లంటే ఇష్టమని తెలిసి నాకు దొరికితే పక్కన పెట్టేవాణ్ణి, ఆవిడ నాకు చెవెల్‌లు పెట్టేది. కేమార్ట్‌లో ఏడాదికి కొన్నిసార్లు కలెక్టర్ల కోసమే ప్రత్యేకంగా హాట్ వీల్స్ రోజు పెట్టేవాళ్ళు, సీలు తీయని పెట్టెలు మన ముందే విప్పేవాళ్ళు. ఆ రోజుల్లో ఉగాదికి గుడికెళ్ళడానికి లేవని మనిషిని దీనికి అలారం లేకుండా లేచేవాణ్ణి అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

*

మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచి పాత కారున్నవాడెవడూ నవంబరు నుంచి దాన్ని బయటికి తీయడు, గారేజీలో దుప్పటి కప్పి పెడతాడు. వసంతంలో రెండు గట్టి వానలు పడి ఉప్పు కొట్టుకుపోయాక మళ్ళీ తాళం తీస్తాడు. ఆ నెలల్లోనే పెద్దాయన గారేజీలో మా పని. చిన్న కార్ల అడుగున రివెట్లు డ్రిల్లుతో తొలిచి విప్పడం, రంగు ఊడగొట్టడం, ఒక కారు చక్రాలు ఇంకోదానికి వేయడం. పెద్ద చక్రం వేస్తే ఫెండర్‌కి ఒరుసుకుంటుంది. సన్నటి ఆకురాయితో లోపలి అంచు కొంచెం అరగదీయడం, పెట్టి చూడటం, మళ్ళీ అరగదీయడం. నీ ముక్క ఏదైనా పక్క ముక్కని తాకకుండా ఉండదు అని ఆయన అంటుండేవాడు. మా ఆవిడ గోళ్ళ రంగు సీసాలు సగం ఆ గారేజీకే చేరాయి. ఆ రంగు పల్చగా పరుచుకుని అద్దంలా ఆరుతుంది.

ఒకసారి ఆటోనగర్ గురించి చెప్పాను. ఉత్త ఛాసిస్‌లు తోలుకురావడం, వడ్రంగులు, నెమళ్ళు, అన్నీ. ఆయన చేతిలో పని ఆపేశాడు. ఆ పెయింటరు టేపు అంటించుకుంటాడా అని అడిగాడు. లేదు, ఉత్త చేత్తోనే అన్నాను. చిటికెన వేలు ఎలా ఆనించేవాడో చేసి చూపించమన్నాడు. చూపిస్తే, తనకి పిన్‌స్ట్రైపింగ్, అంటే కార్ల మీద సన్న గీతలు లాగడం, నేర్పిన మనిషి కూడా అచ్చం అలాగే ఆనించేవాడని చెప్పి చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు.

*

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్, వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు. ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి డబ్బు పోగుచేయడానికని 1995లో మొదలుపెట్టారు. అమెరికాలో మొట్టమొదటి కాంక్రీటు రోడ్డు మైలు వేసింది కూడా ఈ వుడ్‌వర్డ్ మీదే, 1909లో. అరవైల్లో కుర్రాళ్ళు రాత్రిళ్ళు సిగ్నల్ దగ్గర పందేలు వేసుకున్న రోడ్డు ఇది. పాంటియాక్ వాళ్ళు మధ్యరకం సైజు కారులో 389 క్యూబిక్ ఇంచుల ఇంజను పెట్టి 1964లో జీటీవో తెస్తే దాని మోత కూడా ముందు ఈ రోడ్డే విన్నదని పెద్దాయన చెప్పేవాడు.

పొద్దున్నే మడత కుర్చీలేసుకుని రోడ్డు పక్క కూర్చునేవాళ్ళం. పెద్దాయన టోపీ, మా ఆవిడ డబ్బాలో పెట్టిచ్చిన పులిహోర. కార్లు మెల్లగా కదులుతుంటాయి, పెట్రోలు వాసన, వేడి, ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ8 ఇంజను ఒకటి ఐడిల్‌లో దగ్గరికొస్తుంటే చెవికంటే ముందు కుర్చీకి తెలుస్తుంది, తర్వాత పక్కటెముకలకి. నా దగ్గరున్న బొమ్మలన్నీ నిజం సైజులో ఎదురుగా వెళ్తున్నాయి. ఆయన కళ్ళు మూసుకుని చప్పుడు బట్టి ఏ ఇంజనో చెప్పేవాడు, ఇది హెమీ, ఇది స్మాల్ బ్లాక్ షెవీ. తెరిచి చూస్తే అదే.

*

తర్వాత 2009 వచ్చింది. ఏప్రిల్ ఆఖరున క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా కోర్టుకెళ్ళాయి. పాంటియాక్ అనే పేరే తీసేశారు. నా కాంట్రాక్టూ పోయింది. కరీంనగర్ తమ్ముడు టెక్సస్ వెళ్ళిపోయాడు, తెలుగు కుటుంబాలు వరసపెట్టి ఇళ్ళు ఖాళీ చేశాయి, ప్రతి వారం ఎవరో ఒకరి మూవింగ్ సేల్. హెచ్1 వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోవడమంటే ఎంత టెన్షనో అనుభవించినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో కార్ల వైపు చూడబుద్ధి కూడా అయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం పెద్దాయన అపార్ట్‌మెంటుకి వచ్చాడు. చేతిలో కాగితం సంచి. అందులో 24వ వంతు ఛార్జర్, రంగంతా ఊడగొట్టి, గీరలు రుద్ది, బూడిదరంగు ప్రైమరు మాత్రం వేసి ఉంది. చక్రాలు విడిగా చిన్న కవరులో. నీ రంగు నువ్వే వేసుకో, చేతికి పని ఉంటే మనసు నిలబడుతుంది అన్నాడు. టీ తాగి, ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

కొన్ని వారాలకి వేరే చోట పని దొరికింది. ఛార్జర్‌కి రంగు వేయలేదు. ఏ రంగు అనుకున్నా దానికి తక్కువే అనిపించేది.

*

అమ్మ ఒకసారి ఇక్కడే చలికాలం ఉండిపోయింది. సంక్రాంతికి మనవరాలి కోసం బొమ్మల కొలువు పెడతానంది. బయట మోకాలెత్తు మంచు. ఐకియా బల్లలు, పుస్తకాల అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి తెల్ల దుప్పటి పరిచింది. పై మెట్టు మీద దేవుళ్ళు, మధ్యలో దశావతారాలు, కింద మెట్టు మీద తను సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చిన కొండపల్లి ఎడ్లబండి, తాటిచెట్టు, పొయ్యి ముందు ఇల్లాలు. ఊరంటే బళ్ళుండాలిగా, నీ కార్లు పట్రా అంది.

చెవెల్ తెచ్చిచ్చాను. కళ్ళజోడు సవరించుకుని చూసింది. "చక్రాలేమిట్రా నాన్నా, బండిని మింగేసేటట్టున్నాయి?" అంది. బానెట్‌లోంచి పొడుచుకొచ్చిన ఇంజను చూసి, "ఇది మీ పెదనాన్న షెడ్డులో చేసిందే" అని తీర్మానించి, ఎడ్లబండి వెనకే పెట్టింది. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు తాంబూలం అందుకుంటూ ఆ వరస చూసి ఫోటోలు తీసుకున్నారు. ఆ ఏటి నుంచి మా ఇంట్లో కొలువు అంటే కింద మెట్టు నాదే.

*

ఇప్పుడు ఆ దుకాణాలు లేవు. బొమ్మల దుకాణాల కంపెనీ టాయ్స్ ఆర్ అస్ 2018లో అమెరికాలో దుకాణాలన్నీ మూసేసింది. ఆఖరి రోజుల్లో వెళ్తే అరలకి కూడా ధర చీటీలు అంటించారు, కార్లు వేలాడదీసే పెగ్‌లు ఒక డబ్బాలో పోసి అమ్ముతున్నారు. నర్సమ్మని ఆఖరిసారి చూసింది అక్కడే. ట్రాయ్‌లో కేమార్ట్ హెడ్డాఫీసు చాలా ఏళ్ళు ఖాళీగా ఉండి, చివరికి కూల్చేశారు. జేడా కంపెనీని 2019లో జర్మనీకి చెందిన సింబా డిక్కీ కొనేసింది. 2023 డిసెంబరులో లాన్సింగ్ ప్లాంటు నుంచి ఆఖరి కమారో వచ్చింది, అదే నెలలో కెనడాలో ఛార్జర్, ఛాలెంజర్ వీ8లు ఆగిపోయాయి. ఇప్పుడు ఏ బొమ్మ కావాలన్నా ఫోన్లో నొక్కితే గుమ్మం ముందుకొస్తుంది. కొంటూనే ఉన్నాను, కాదనను. పెగ్‌ల టకటక మాత్రం ఫోన్లో రాదు.

పెద్దాయన కరోనా తర్వాతి చలికాలంలో పోయాడు. వాళ్ళమ్మాయి ఫోను చేసింది. చర్చిలో బల్ల మీద పూల పక్కన ఆయన గీకుడు పలకలు పెట్టారు, పిడుల మీద బొటనవేలు ఆనే చోట చెక్క అరిగి గుంట పడింది. నేను అక్కడే ఎక్కువసేపు నిలబడ్డాను.

ఆ బూడిదరంగు ఛార్జర్ కూడా మొన్నటి పెట్టెలోనే దొరికింది. దాని చక్రాలు విడిగా కవరులోనే ఉండటం మంచిదయింది, టైర్లు ఏ ప్లాస్టిక్‌కీ అతుక్కోలేదు. ఈసారి రంగు విషయంలో తడుముకోవడం లేదు. ఆటోనగర్ లారీలా వేస్తాను. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరకి టేపు లేకుండా ఒక్క గీత, డిక్కీ మీద ఎదురెదురుగా రెండు నెమళ్ళు, ముందు అద్దం మీద శ్రీ కనకదుర్గ. చక్రాలు మాత్రం ఆ పెద్ద క్రోమువే. పాడైన కాగితాల మీద తామరపువ్వు ప్రాక్టీసు చేస్తున్నాను, మా అమ్మాయి పక్కన కూర్చుని తనూ వేస్తోంది, రేకు చివర సన్నబడటం నాకంటే తనకే బాగా వస్తోంది.

నెమలి మాత్రం సరిగ్గా గుర్తు రావడం లేదు. తోక కిందికి జారి ఉండేదా, విప్పి ఉండేదా, మెడ దగ్గర నీలం ఎక్కడ మొదలయ్యేది, ఇవి కావాలి. ఎనభైలు, తొంభైల్లో ఆటోనగర్ షెడ్లలో తీసిన ఫోటోలు మీ ఇళ్ళల్లో ఉంటే, కొత్త లారీ పూజ చేయించి దండలేసి దాని ముందు నిలబడి తీయించుకున్నవైనా సరే, దయచేసి ఒక కాపీ పంపండి. లారీ వెనక తలుపు కనపడేది ఉంటే ఇంకా మేలు.